ఖాళీయే, పో

మాట్లాడడు. చస్తే మాట్లాడడు. కుడిపక్క తలుపులు డివైడర్ గోడని కరుచుకుపోయాయి, ఎడమపక్క తలుపుల మీదికి బిస్కెట్లు మోసే వ్యాను ఒరిగి నిలబడింది, వెనకసీటు నిండా కర్టెన్ మూటలూ ఇనప రాడ్లూ మడత నిచ్చెనా అడ్డం పడి ఉన్నాయి, ఎటూ కదిలే దారి లేక ఇద్దరూ ముందు సీట్లలో పక్కపక్కనే ఇరుక్కుని ఉన్నారు, ఇలాంటప్పుడు కూడా ‘దెబ్బేమైనా తగిలిందా’ అని ఒక్క ముక్క అడిగితే ఏం పోయింది ఈ మనిషికి? ఆమె కూడా అడగలేదు, నిజమే. కానీ ఆమె చూసుకుంది. కంటికి అందినంత మేర చూసుకుంది. ఆయన కుడి మోకాలు కనిపిస్తోంది, మోకాలి మీద చెయ్యి, ఆ చేతి వేళ్ళు కదులుతున్నాయి, రక్తం లేదు. ఇస్త్రీపెట్టెకి చోటు కావాలని ఆయన సీటు ఎప్పుడూ వెనక్కి జరిపి ఉంటుంది కాబట్టి ఆయన మొహం ఆమె భుజం వెనక్కి పడుతుంది. అది చూడాలంటే మెడ తిరగాలి. మెడ ఎడమవైపు తిరగడం మానేసి ఏళ్ళయింది. మామూలుగా అయితే నడుం దగ్గర్నుంచి మొత్తం మనిషి తిరుగుతుంది, గోడ గడియారం తిప్పినట్టు, ఇప్పుడు సీటుబెల్టు బిగుసుకుపోయి ఆ వీలూ లేదు. నడిమి అద్దం ఊడి కాళ్ళ దగ్గర పడింది. ఎడమ అద్దం వ్యాను పొట్టలోకి పోయింది. మొగుడు పక్కనే ఉన్నాడు, ఊపిరి వినిపిస్తోంది, మొహం ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

బయట అందరూ జడ్జీలే. పోలీసు వచ్చి ఫోటోలు తీసేదాకా బళ్ళు కదల్చకూడదట, ఎవరో పెద్దమనిషి చెప్పాడు, అంతే, అదే శాసనం అయిపోయింది. కదిలిస్తే ఎవరిది తప్పో తేలదట. తేలకపోతే కొంపలు మునుగుతాయి కాబట్టి ఇద్దరు మనుషులు ఎండలో డబ్బాలో ఉడికినా పరవాలేదు. “కిటికీలోంచి దూకండమ్మా” అని ఒకాయన డివైడర్ అవతల్నుంచి సలహా ఇచ్చాడు. దూకడానికి ఆమె పిల్లి అనుకున్నాడు కాబోలు. సీటుబెల్టు రాదయ్యా అంటే, “కత్తి ఉందా?” అన్నాడు. ఉంది, గుడ్డ కోసే కత్తెర ఉంది, వెనక ఏ మూటలోనో, తీసేదెవరు? ఆయన చెయ్యి చాపితే అందొచ్చు. చాపడు. అడగాలి. ఆమె అడగదు.

వ్యాను కుర్రాడు, కుర్రాడేం కాదు మీసాలున్నాయి, గొంతే లేతగా ఉంది, వచ్చినవాళ్ళందరికీ మొదట్నుంచీ చెప్పుకొస్తున్నాడు. “నా దారిన నేను పోతున్నానండీ, ఈ కారు చూసుకోకుండా నా మీదికి వచ్చేసింది, సిగ్నల్ లేదు, ఏం లేదు!” సిగ్నల్ లేదా? లేదట! ఒరేయ్, అది ఇంకా కొట్టుకుంటూనే ఉందిరా, టిక్కు టిక్కు మని, ఇంజను చచ్చినా అది చావలేదు, చెవి పెట్టి విను. ఆమె కావాలనే ఆపలేదు. తన తరఫున మాట్లాడేది ఈ ప్రపంచంలో ప్రస్తుతానికి అదొక్కటే. ఎడమ సందులోకి తిరగాలి కాబట్టి డివైడర్ పక్క లేన్లోంచి ఎడమ లేన్లోకి మారాలి, మారడానికి ముందు సిగ్నల్ పుల్ల కిందికి నొక్కింది, అద్దంలో చూసింది, అద్దంలో రోడ్డు తెల్లగా ఖాళీగా ఉంది. కానీ అద్దం వెనకున్నదే చూపిస్తుంది, పక్కనున్నది చూపించదు. పక్కనున్నది తల తిప్పి చూసుకోవాలి. అక్కడే వాళ్ళ కాపురం పనికొస్తుంది. ఆమె “ఊఁ?” అంటుంది. ఆయన తల తిప్పి చూస్తాడు. “ఖాళీయే, పో” అంటాడు. ఆమె పోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పు కాలేదు. ఈరోజూ “ఊఁ?” అంది. ఈరోజూ “ఖాళీయే, పో” అన్నాడు. పోయింది. పోయి ఇక్కడ కూచుంది.

తల తిప్పాడా? తిప్పకుండానే అన్నాడా? సీటు కిర్రుమంటుంది ఆయన తిరిగితే, ప్రతిసారీ కిర్రుమంటుంది, విసుగొచ్చి నూనె వెయ్యమని కూడా చెప్పింది. ఇవాళ కిర్రుమందా? గుర్తు తెచ్చుకుంటే కిర్రుమన్నట్టే ఉంటుంది, ఇంకోసారి తెచ్చుకుంటే లేదు. తన కోపం చప్పుడే తనకి చెవుల నిండా ఉంది అప్పుడు. ఆయనది కూడా అంతే అయి ఉంటుంది. ఇంటి నుంచి ఇంటికి తిరిగే పని వాళ్ళది, కిటికీలు కొలిచి కర్టెన్లు కుట్టి తగిలించడం. కొలిచేది ఆయన. నిచ్చెనెక్కి టేపు వదిలి అంకె గట్టిగా చెప్తాడు, కింద ఆమె గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంది, కోసేస్తుంది. మళ్ళీ కొలవదు. కొత్తలో ఒకసారి కొలిచింది. ఆయన నిచ్చెన మీదే ఆగిపోయి, “నా మాట మీద నమ్మకం లేదన్నమాట” అన్నాడు, ఆ రోజంతా అన్నం — సరిగ్గా తినలేదు మహానుభావుడు. అప్పట్నుంచి ఆయన నోట అంకె, ఆమె చేత కత్తెర. మిగతా దర్జీలు రెండుసార్లు కొలిచి ఒకసారి కోస్తారట, వీళ్ళు ఒకసారి కొలిచి ఒకసారి కోస్తారు, అందుకే వీళ్ళ పని తొందరగా అవుతుందని మంచి పేరు. మెడ పాడయ్యేదాకా అదే పద్ధతి, మెడ పాడయ్యాక కూడా అదే పద్ధతి, నిచ్చెన మీదినుంచి కారులోకి వచ్చింది, అంతే తేడా.

ఈ పొద్దున ఆ పంతులమ్మగారింట్లో కర్టెన్ తగిలించి చూస్తే నేలకి జానెడు పైన వేలాడింది. పొట్టి గౌను వేసుకున్న పిల్లలా ఉంది. పంతులమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, ఏమీ అనకుండా వాళ్ళిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏమైనా అన్నా బాగుండేది. ఆయన నిచ్చెన దిగుతూ, “చూసుకుని కొయ్యాలి కదా” అన్నాడు. బయటివాళ్ళ ముందు! ఆమెని! తను చెప్పిన అంకె తనే మింగేసి! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మూటలు కట్టేటప్పుడు మండింది, కారు తీసేటప్పుడు మండింది, దారి పొడుగునా మండుతూనే అడిగింది, చెప్పిందెవరు, కోసిందెవరు, నిచ్చెన మీద ఉన్నదెవరు అని. “నేను చెప్పింది వేరు, నువ్వు గీసింది వేరు” అన్నాడు. “మీరెప్పుడైనా తప్పు ఒప్పుకున్నారా పుట్టి బుద్ధెరిగాక?” అంది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత కారులో ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత వచ్చిన మాటలు ‘ఊఁ’, ‘ఖాళీయే, పో’. అవి మాటల కింద లెక్క కాదు, పని.

వాళ్ళింట్లో ఒక చట్టం ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, పెళ్ళయిన కొత్తలోనే వచ్చి కూచుంది. పోట్లాట అయ్యాక ముందు నోరు తెరిచినవాళ్ళదే తప్పు. వాదన అక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు, ‘టీ తాగుతావా’ అన్నా చాలు, ఒప్పుకున్నట్టే. అవతలివాళ్ళు ‘తాగుతా’ అంటే క్షమించినట్టే. అలా ఎన్నోసార్లు ఆమే తెరిచింది. తప్పు తనది కాకపోయినా తెరిచింది, ఇల్లంతా నోరు కుట్టేసినట్టుంటే ఊపిరాడదు ఆమెకి. ఆయనకి ఆడుతుంది. ఆయన కొండలా కూచోగలడు. ఒకసారి, ఒక్కసారే, ఆయన ముందు తెరిచాడు, ఆమె మెడకి డాక్టరు పట్టీ వేసి పంపించిన రోజు. కుట్టి కుట్టి, ఎప్పుడూ ఎడమకి వంగి గుడ్డ తోసి తోసి అరిగిపోయిందట, ఇక తిరగదట. ఇంటికొచ్చి మంచం మీద కూచుంటే, అప్పటికి ఏదో అలక మీదే ఉన్నారు, ఆయన తలుపు దగ్గర నిలబడి, “పోన్లే, నీ బదులు నేను చూస్తాను” అన్నాడు. ఎంత ఏడ్చింది ఆ రోజు! ఆ మాట కోసం ఎన్నిసార్లు మెడ విరిగినా పరవాలేదనిపించింది. పిచ్చిది.

ఇవాళ మాత్రం తెరవదు. ఇవాళ తెరిస్తే కర్టెనూ తనదే తప్పు, కారూ తనదే తప్పు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. బెల్టు రొమ్ముల మధ్య నుంచి కోసుకుపోతోంది. చెమట మెడ వెనక కారుతోంది, తుడుచుకోవడానికి ఎడమ చెయ్యి ఎత్తితే ఆయన భుజానికి తగులుతుందేమోనని ఎత్తలేదు, అంత మంకుపట్టు. తగిలితే మాట్లాడినట్టే అవుతుందా? ఈ చట్టంలో అది రాయలేదు.

ఫోన్ మోగింది. ఒళ్ళోనే పడి ఉంది, బతికే ఉంది. తమ్ముడు. దెబ్బ తగిలిన వెంటనే వాడికే చేసింది, వాడు బీమా కంపెనీలో సర్వేయరు, సొట్టలు చూసి తీర్పులు చెప్పే ఉద్యోగం. ఎక్కడ తగిలిందో పంపమంటే ఫోన్ ఎడమకి కిందుగా చాపి, ఆయన పక్క తలుపుని లోపల్నుంచే ఫోటో తీసి పంపింది, వ్యాను మూల తలుపులోకి దిగబడి ఉంది.

“అక్కా, చూశాను. విను. లేన్ మారేవాళ్ళదే బాధ్యత, ఖాళీ ఉందో లేదో చూసుకోవాల్సింది వాళ్ళే, అందులో తిరుగులేదు. ఇండికేటర్ వెయ్యడమంటే దారి అడగడం, అవతలివాడు ఇచ్చినట్టు కాదు. కానీ వాడు నిన్ను చూసి కూడా రానివ్వకూడదని వేగం పెంచి ఉంటే, తప్పు చెరిసగం అవుతుంది. వ్యాను మూల నుజ్జయిన తీరు చూస్తే వాడు గట్టిగానే వచ్చినట్టుంది. కాబట్టి ఏమీ ఒప్పుకోకు. అద్దం చూశాను, తల తిప్పి చూశాను, సిగ్నల్ వేశాను. ఈ మూడే.”

“ఊఁ.”

“బావకేం కాలేదుగా?”

“బాగానే ఉన్నారు.”

“బావకి చెప్పు, నోరు తెరవద్దని. చూసిందెవరన్న మాట అస్సలు రాకూడదు. వచ్చిందా, మెడ సంగతి బయటికొస్తుంది. తిరగని మెడతో నడిపావంటే తప్పు మొత్తం నీ నెత్తినే, లైసెన్సు కూడా లాగేసుకుంటారు. అర్థమైందా? ఇప్పుడే చెప్పు.”

“ఊఁ.”

“ఊఁ కాదు. చెప్పు.”

“చెప్తాలేరా” అని పెట్టేసింది. ఆయన విన్నాడు. విన్నదేమిటి, ‘ఊఁ’లూ, ‘బాగానే ఉన్నారు’ అన్న మాటా, అవతల తమ్ముడి గొంతు దోమ పాటలా ఏదో. అడగొచ్చు కదా, ఏమన్నాడు వాడు అని. అడిగితే చెప్పేది. ఒక్క అక్షరం అడిగితే చాలు, మొత్తం చెప్పేది. మోకాలి మీద చెయ్యి ఒకసారి మూసుకుని తెరుచుకుంది. ఆమె నోట్లోకి వచ్చింది మాట, ‘ఇదిగో, వినండి’ అని, నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడ చతికిలబడింది. ఇదిగో అన్నా నోరు తెరిచినట్టే. ఎందుకు ఎప్పుడూ తనే? కాసేపు చూద్దాం. పోలీసు రావడానికి ఇంకా టైముంది, ఎక్కడ చూసినా బళ్ళు ఆగిపోయాయి, వాడు మాత్రం ఎగిరొస్తాడా.

లైసెన్సు పోతే? ఆ ఆలోచన ఎదురుగా వచ్చి కూచుంది, తప్పుకోమన్నా తప్పుకోదు. పోయినేడు పొడిగించుకునేటప్పుడే ప్రాణం పోయినంత పనైంది. డాక్టరు మెడ తిప్పమన్నాడు. కుడివైపు తిప్పింది, అటు బాగానే తిరుగుతుంది, నాట్యమాడినట్టు తిప్పింది. ఎడమవైపు అనేసరికి ఆ డాక్టరు తల వంచి ఏదో రాసుకుంటున్నాడు. ఆమె కదలకుండా కూచుంది. “అయిందా?” అన్నాడు. “అయిందండీ” అంది. బయటికొచ్చి కారెక్కి తలుపు వేసుకుని పిచ్చిదానిలా నవ్వింది, పక్కన ఆయన కూడా నవ్వాడు, ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆయనకి బండి రాదు. ఒకప్పుడు నేర్చుకోబోయి గేటుని గుద్దేసి, దిగి గేటుకే క్షమాపణ చెప్పినట్టు తల వంచుకు నిలబడ్డాడు, మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. ఆమె నడపకపోతే రాడ్లెలా పోతాయి, నిచ్చెనెలా పోతుంది? పని పోతుంది. పని సంగతి సరే, ఎలాగో బతుకుతారు, గుడ్డ ముక్కలేమైనా కుట్టుకుంటారు. ఆమెకి అసలు దిగులు అది కాదు. కుట్టు మిషను మీద వంగి బతికిన మనిషికి తల ఎత్తి రోడ్డు చూడ్డం ఈ కారులోనే దొరికింది. ఇంట్లో ఏ మూల కూచున్నా ఎవరో ఒకరు పిలుస్తారు. ఇక్కడ కాలు నొక్కితే ముందుకి పోతుంది, ఆమె నొక్కితేనే పోతుంది. అది కూడా లాగేసుకుంటే ఇంక ఆమెకంటూ ఏముంది? భయమేసింది. ఏడుపూ వచ్చింది. ఏడిస్తే ముందు నోరు తెరిచినట్టవుతుందా అని ఆలోచించింది, ఛీ, తనకేం పట్టింది, ఇదేం బుద్ధి?

చెప్పేస్తాను. చట్టమూ లేదు గిట్టమూ లేదు. చెప్పేస్తాను, కర్టెన్ నాదే తప్పు, కారూ నాదే తప్పు, మీరు మాత్రం నోరు తెరవకండి మహాప్రభో అని. గొంతు సవరించుకుంది. ఆయన మోకాలు కూడా కదిలింది. సీటు కిర్రుమంది. ఆయన ముందుకి వంగుతున్నాడు, ఏదో అనబోతున్నాడు! ఆగింది. ఇన్నాళ్ళకి, రెండోసారి.  అననీ, ముందు ఆయన్ని అననీ, ఒక్క క్షణమే కదా.

“ఎవరమ్మా నడిపింది?”

పోలీసు. డివైడర్ అవతల నుంచి వంగి, ఆమె కిటికీలో మొహం పెట్టాడు. పెద్ద వయసే, అలసిన మొహం, జేబురుమాలు మెడకి చుట్టుకున్నాడు. కరుకు మనిషిలా లేడు.

“నేనేనండీ” అంది.

“బెల్టు కోయిస్తాను, కాస్త ఓపిక పట్టండి. దెబ్బలేం లేవుగా? ఎలా జరిగిందో చెప్పండి.”

“సిగ్నల్ వేశానండీ. ఇదిగో, ఇంకా కొట్టుకుంటోంది. అద్దంలో చూశాను.” మూడోది. మూడోది అనాలి. తమ్ముడు చెప్పినట్టే అనాలి. “తల తిప్పి...”

“ఆమెది తప్పు లేదు సార్.”

ఆయన గొంతు. ఆమె చెవి పక్కనుంచి, ఆమె మొహం ముందునుంచి దాటుకుని కిటికీలోంచి బయటికి పోయింది. బొంగురుపోయి ఉంది, ఇంతసేపూ మాట్లాడని గొంతు. ఆమె చెయ్యి చాచి ఆయన మోకాలు పట్టుకుంది, గట్టిగా నొక్కింది, వద్దు, వద్దు. ఆయన ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. ధైర్యం చెప్తోందనుకున్నాడు.

“నాది సార్ తప్పు. నన్నడిగింది. నేను చూడలేదు. కోపంలో ఉన్నాను, పొద్దున ఏదో మాటా మాటా అనుకున్నాం, అందులోనూ తప్పు నాదే, అంకె నేనే తప్పు చెప్పాను. తల తిప్పకుండానే ఖాళీయే, పో అనేశాను. ఆమె నన్ను నమ్మి పోయింది. రాసుకోండి సార్, నా పేరు మీద రాసుకోండి.”

ఈ మాటల కోసమే కదా గంట నుంచీ చెవులు రిక్కించుకుని కూచుంది! ఎంత బాగా చెప్పాడు, ఒక్కటి కూడా దాచుకోలేదు, కర్టెన్‌తో సహా. ఇదే పక్కకి తిరిగి ఆమెతో అని ఉంటే చాలు కదా, ఆమె పట్టించుకునేది కూడా కాదు, పోనిద్దురూ అనేది, నోరు మూసుకోండని చెప్పేది. 

పోలీసు రాసుకోలేదు. ఆయన వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. “అదేంటయ్యా, నడిపేది ఆవిడైతే చూడాల్సింది మీరా?”

“ఆమెకెలా కుదురుతుంది సార్? మెడ తిరగదుగా” అన్నాడాయన, అంత మాత్రం తెలీదా అన్నట్టు. “ఎన్నేళ్ళ నుంచో నేనే...”

ఆగిపోయాడు. ఆమె చేతి మీదున్న ఆయన చెయ్యి చల్లబడిపోయింది. వ్యాను కుర్రాడు ఎక్కడో దూరంగా ఇంకా మొదట్నుంచీ చెప్పుకొస్తున్నాడు.

పోలీసు మెడకి చుట్టుకున్న రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “అమ్మా” అన్నాడు నెమ్మదిగా, “ఒకసారి అటు తిరగండి. మీవారు ఎటు చూస్తున్నారో చెప్పండి, చాలు.”

ఆమె తిప్పింది. ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. గేరు, ఇస్త్రీపెట్టె, మోకాలు, రెండు చేతులు ఒకదాని మీద ఒకటి, చొక్కా కింది బొత్తాం. భుజంలోంచి తలలోకి మంట లేచి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకొంచెం. చొక్కా రెండో బొత్తాం. అక్కడ మెడ ఆగిపోయింది. కానీ ఆ పైన చూడాల్సిన అవసరమేముంది? ఇన్నేళ్ళు కాపురం చేసింది. ఇంత మాట అన్నాక, ఇంత ఒప్పుకున్నాక, ఆ మనిషి ఎటు చూస్తాడో ఆమెకి తెలీదా?

“నా వైపే చూస్తున్నారండీ” అంది.

“కాదమ్మా” అన్నాడు పోలీసు. “అటు, కిటికీలోంచి వ్యాను వైపు చూస్తున్నారు.”

ఆమె మెడని మెల్లగా ముందుకి తెచ్చుకుంది. లైసెన్సు కుడిపక్క తలుపు అరలోనే ఉంటుంది, దాన్ని తియ్యడానికి తల తిప్పాల్సిన పని లేదు.